పసివాడు గరిటెను ఎందుకు పడవేస్తాడు? పియాజె ఆట సిద్ధాంతంపై విమర్శ

వంటింటి గడప దగ్గర కూర్చున్న పది నెలల పసివాడు చేతిలోని గరిటెను నేలమీద పడవేస్తాడు. ఖంగుమని చప్పుడవుతుంది. తల్లి వంగి తీసి ఇస్తుంది. మళ్ళీ పడవేసి, ఈసారి ఆమె ముఖంలోకి చూచి నవ్వుతాడు. మూడవసారి తల్లి విసుక్కొంటుంది. నాలుగవసారి గరిటెను తీసి అందనంత ఎత్తున పెడుతుంది. పసివాడు ఏడుపు లంకించుకొంటాడు. తిరునాళ్ళలో కొని తెచ్చిన రంగుల బొమ్మ ఒకటి పక్కనే పడి ఉంటుంది. దానిమీద వాడికి ధ్యాస లేదు. చంటిపిల్లలున్న ఏ ఇంటివారికీ ఈ దృశ్యాన్ని వర్ణించి చెప్పనవసరం లేదు.

ఆ గరిటెలో అంత ఆనందం ఏమున్నది? తల్లులకు ఎప్పుడో తోచిన ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులకు తోచడానికి చాలాకాలం పట్టింది. తోచిన తరువాత వారు చెప్పిన సమాధానాలలో చాలా భాగం ప్రశ్నను తప్పించుకొన్నవే. పిల్లలలో ఖర్చుకాక మిగిలిన శక్తి ఆటగా వెలువడుతుందని ఇంగ్లండులో హెర్బర్ట్ స్పెన్సర్ అన్నాడు. మానవజాతి గడచివచ్చిన దశలను పిల్లలు తమ ఆటలలో తిరిగి నడుస్తారని అమెరికాలో స్టాన్లీ హాల్ అన్నాడు. ఆట రాబోయే జీవితానికి ముందస్తు అభ్యాసమని జర్మన్ పండితుడు కార్ల్ గ్రూస్ వాదించాడు. ఒకరు వెనుకకు చూచారు, మరొకరు ముందుకు చూచారు. గరిటె నేలను తాకిన క్షణంలో పసివాడి ముఖం ఎట్లా వెలిగిందో నిలబడి చూచినవారు తక్కువ.

అట్లా చూచినవారిలో అగ్రగణ్యుడు స్విట్జర్లాండు దేశీయుడైన జాఁ పియాజె (1896–1980). ఆయన 1945లో ఫ్రెంచి భాషలో ప్రకటించిన గ్రంథం ఒకటి, ఆట, కలలు, అనుకరణ అనే మూడింటి పేరుతో 1951లో ఇంగ్లీషులోకి వచ్చింది. పసివారి ఆటను గురించి ఇరవయ్యవ శతాబ్దంలో వెలువడిన పుస్తకాలలో దీనికున్నంత పలుకుబడి బహు కొద్దింటికే ఉన్నది. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారందరూ పియాజె పేరు విన్నవారే. అయితే వారు చదివేది ఆయన గ్రంథాలు కాదు, గ్రంథాల సారాంశాలు. సారాంశంలో సిద్ధాంతం మిగులుతుంది, పరిశీలనలు రాలిపోతాయి. ఈ ఒక్క పుస్తకం విషయంలో మాత్రం ఆ పద్ధతి పప్పు పారబోసి పొట్టు దాచుకొన్నట్లయినది.

పియాజె మొదట మనశ్శాస్త్రజ్ఞుడు కాడు, జంతుశాస్త్రజ్ఞుడు. నత్తజాతి జీవులపై పరిశోధన చేసి 1918లో డాక్టరేటు పొందాడు. నత్తలను ఏ కన్నుతో చూచాడో అదే కన్నుతో తన పిల్లలను చూచాడు. 1925, 1927, 1931 సంవత్సరాలలో ఆయనకు జాక్లిన్, లూసియెన్, లోరాఁ అనే ముగ్గురు పిల్లలు కలిగారు. ఆయన, ఆయన భార్య వాలంటీన్ ఆ పిల్లల చేష్టలను నెలలు, రోజులతో సహా వ్రాసిపెట్టారు. యంత్రపరికరాలు లేవు. ఒక అగ్గిపెట్టె, ఒక గడియారపు గొలుసు, ఒక గుడ్డపేలిక, ఊయలకు కట్టిన గిలక్కాయ: వీటితోనే వారి ప్రయోగశాల నడిచింది. సైన్సు అంటే బీకర్లు, బ్యాటరీలు మాత్రమే అనుకొనే విద్యార్థికి ఈ పుస్తకంలోని పుటలు తెరచి చూపితే చాలు.

ఇక సిద్ధాంతం. పియాజె ప్రకారం పసివాడి బుద్ధి రెండు పనులు చేస్తుంది. తనకు ముందే వచ్చిన పనిలోకి కొత్త వస్తువును లాగుకొనడం ఒకటి. దీనిని తెలుగు పాఠ్యపుస్తకాలు సాంశీకరణం అంటున్నాయి. పట్టుకొనడం వచ్చిన బిడ్డ గిలక్కాయనూ పట్టుకొంటాడు, తాత మీసాన్నీ పట్టుకొంటాడు. కొత్త వస్తువుకు తగినట్లు తన పనిని మార్చుకొనడం రెండవది. ఇది అనుగుణ్యం. చెంబును పట్టుకోవలసివస్తే పిడికిలిని మరికాస్త విప్పక తప్పదు. ఈ రెండూ సరితూగినప్పుడు అది తెలివి. అనుగుణ్యం మొగ్గితే అది అనుకరణ. సాంశీకరణం మొగ్గితే అది ఆట. అంటే ఆటలో పసివాడు లోకానికి లొంగడు, లోకాన్నే తన ఇష్టానికి లొంగదీస్తాడు. వచ్చిన పనిని మళ్ళీ మళ్ళీ చేయడంలో కలిగే సుఖమే ఆటలోని ఆనందం. మరింత సూటిగా చెప్పాలంటే, నేర్చుకొనడం ముగిసినచోట ఆట మొదలవుతుందని పియాజె అభిప్రాయం.

దీనికి ఆయన చూపే నిదర్శనాలు ముచ్చటైనవి. లోరాఁ వయస్సు 2 నెలల 21 రోజులు. తల వెనుకకు వాల్చి, తెలిసిన వస్తువులనే తలక్రిందులుగా చూడడం కనిపెట్టాడు. మరి రెండు మూడు రోజులకు, తల ఎత్తడం, మళ్ళీ వాల్చడం, బిగ్గరగా నవ్వడం ఇదే పనిగా పెట్టుకొన్నాడు. సంతోషం పెరుగుతూ పోయిందనీ, బయట కనిపించే ఫలితంపై ఆసక్తి తగ్గుతూ వచ్చిందనీ తండ్రి వ్రాసుకొన్నాడు. ఇంకొక పరిశీలనలో లోరాఁకు 7 నెలలు నిండాయి. బొమ్మ అందకుండా తండ్రి చేయో అట్టముక్కో అడ్డుపెడితే దానిని తోసివేసి బొమ్మను అందుకొనడం నేర్చాడు. కొన్నిసార్లు ఇట్లా జరిగేసరికి బొమ్మ సంగతే మరచి, అడ్డాన్ని తోయడమే ఆటగా చేసుకొని పకపక నవ్వాడు. బుద్ధితో చేసిన పని ఆటగా మారిందని పియాజె నిర్ణయం. ఈ రెండు పుటలు చదివి, పక్కింటి చంటివాడిని ఒకసారి చూచి వచ్చినవారికి ఆయన కన్ను ఎంత వాడియైనదో తెలుస్తుంది.

కన్ను వాడియైనదే. తీర్పు మాత్రం నిలిచేది కాదు. ఎందుకు నిలవదో చెప్పడానికి పియాజె సొంత నోటు పుస్తకమే చాలు.

శైశవంలో తెలివి పుట్టుకను గురించి ఆయనే 1936లో మరొక గ్రంథం ప్రకటించాడు. అందులో గరిటె కథ ఉన్నది. అక్కడ గరిటెకు బదులు సెల్యులాయిడు హంసబొమ్మ, ఒక పెట్టె, ఇతర చిన్న వస్తువులు. లోరాఁకు 10 నెలల 11 రోజులు. వెల్లకిల పడుకొని ఒక్కొక్క వస్తువునే తీసి చేయి చాచి వదలుతున్నాడు. ఒకసారి నిటారుగా పైకి చాచి, ఒకసారి ఏటవాలుగా, ఒకసారి కళ్ళముందు, ఒకసారి తలవెనుక. వస్తువు ఏదైనా కొత్తచోట, ఉదాహరణకు దిండుమీద, పడితే, అక్కడే మరి రెండు మూడుసార్లు పడవేసి చూచి, తరువాత మళ్ళీ చోటు మారుస్తున్నాడు. ఇది ఆట అని పియాజె అనలేదు. ఇది ప్రయోగమన్నాడు, తెలివి వికాసంలో ఒక ఉన్నతమైన మెట్టు అన్నాడు. సరే. తల వాల్చి నవ్వినవాడూ లోరాఁయే, హంసబొమ్మను పడవేసినవాడూ లోరాఁయే. ఒకటి ఆటల గ్రంథంలోకి, రెండవది తెలివి గ్రంథంలోకి వెళ్ళాయి. వంటింటి గడప దగ్గర గరిటె పడవేసి నవ్వే పసివాడిని ఏ గ్రంథంలో వేయాలి? వాడు ప్రయోగమూ చేస్తున్నాడు, నవ్వుతూనూ ఉన్నాడు.

ఈ చిక్కు పియాజెకు తెలియదనుకొంటే పొరపాటు. ఆటకూ, ఆట కానిదానికీ మధ్య గట్టి గోడ లేదనీ, తేడా పాళ్ళలోనే ఉన్నదనీ ఆయన ఆ గ్రంథంలోనే ఒప్పుకొన్నాడు. ఆట లక్షణాలుగా ఇతరులు చెప్పినవాటిని ఒక్కొక్కటే తీసుకొని, ఏదీ నిక్కచ్చిగా నిలవదని చూపిన అధ్యాయం పుస్తకంలోని మేలైన భాగాలలో ఒకటి. కాని గోడ లేదని ఒప్పుకొన్న తరువాత కూడా ఆనందాన్నంతా ఒక ఒడ్డునే కూర్చోబెట్టాడు. తెలివి కష్టపడుతుంది, ఆట సుఖపడుతుంది అనే విభజన ఆయనకు తెలియకుండానే గోడ కట్టింది. పిల్లలు చదువుకొనే వేళ వేరు, ఆడుకొనే వేళ వేరు అనే పెద్దల పాత మాటకు ఇది శాస్త్రీయమైన ముసుగు మాత్రమే.

తల వాల్చి నవ్విన పసివాడికి ఫలితంపై ఆసక్తి తగ్గిందని తండ్రి ఎట్లా గ్రహించాడు? కొలిచింది లేదు. చూచి అనుకొన్నదే. ఆ వయస్సు పిల్లలలో దీనిని కొలిచే పద్ధతి తరువాత ఏర్పడింది. అమెరికాలో జాన్ వాట్సన్, క్రెయిగ్ రేమీ అనే పరిశోధకులు 1972లో ప్రకటించిన ప్రయోగం ఈ విషయంలో చదవదగినది. 8 వారాల శిశువుల ఊయలలపై తిరిగే బొమ్మలను వ్రేలాడదీశారు. కొందరు శిశువుల తలక్రింది దిండులో ఒక ఏర్పాటు ఉన్నది. శిశువు తల కదిపితే బొమ్మ ఒక్క క్షణం తిరుగుతుంది. మరికొందరికి బొమ్మ తిరుగుతుంది గాని వారి తల కదలికతో దానికి సంబంధం లేదు. ఇంకొందరి బొమ్మలు తిరగనే తిరగవు. రోజుకు 10 నిమిషాల చొప్పున 14 రోజులు ఇట్లా జరిగింది. మొదటి జట్టు శిశువులు తల కదపడం పెంచారు. అంతకంటె ముఖ్యం, కొద్దిరోజులలోనే వారు ఆ బొమ్మను చూచి నవ్వడం, ఊఁ కొట్టడం ప్రారంభించారు. రెండవ జట్టుకూ బొమ్మ తిరిగింది. కంటికి విందు ఇద్దరికీ ఉన్నది. కాని కేరింతలు మొదటి జట్టువే.

కనుక నవ్వు తెచ్చింది రంగుల బొమ్మ కాదు. ఊరక తల కదపడమూ కాదు. తన కదలికకూ బొమ్మ తిరగడానికీ గల సంబంధం. బయటి ఫలితం లేకపోతే ఈ ఆనందానికి సగం ఆధారం పోతుంది. తిరునాళ్ళ బొమ్మకంటె గరిటె ఎందుకు గొప్పదో కూడా ఇక్కడే తెలుస్తుంది. బొమ్మ అందంగా ఉంటుంది, అంతే. గరిటె వదలగానే పడుతుంది, మోగుతుంది, దొర్లుతుంది, అమ్మను వంగదీస్తుంది! తన చిన్న చేయి ఇంత పెద్ద లోకాన్ని కదిలించిందనే ఎరుకకంటె పది నెలలవాడికి మించిన పండుగ ఏమున్నది?

విచిత్రమేమంటే ఈ మాటకు దగ్గరగా వచ్చినవాడు పియాజెకంటె ముందరి కార్ల్ గ్రూస్. మనుష్యుల ఆటలపై 1899లో ప్రకటించిన గ్రంథంలో ఆయన, తాను ఒకదానికి కారణమయ్యానన్న సంతోషాన్ని గురించి మాట్లాడాడు. తరువాతివారు ఆయన అభ్యాస సిద్ధాంతాన్ని పట్టుకొని ఈ మాటను వదలివేశారు. పియాజె గ్రూస్‌ను నిశితంగా విమర్శించాడు గాని, ఈ సంతోషానికి తన త్రాసులో తగిన చోటు ఇవ్వలేదు. వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ 1920లో వర్ణించిన ఏడాదిన్నర పిల్లవాడి ఆట కూడా ఈ వరుసలోనిదే. ఆ పిల్లవాడు దారం కట్టిన కొయ్య కండెను మంచం మరుగుకు విసరి, మళ్ళీ లాగి, కనిపించగానే సంతోషించేవాడు. తల్లి వెళ్ళిపోతే చేసేదేమీ లేదు. కండె మాత్రం తాను పొమ్మంటే పోతుంది, రమ్మంటే వస్తుంది.

దోబూచి ఆటను చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. తల్లి చీరకొంగు ముఖానికి అడ్డుపెట్టుకొంటుంది, తీస్తుంది, బిడ్డ కిలకిల నవ్వుతుంది. ఛార్లెస్ డార్విన్ తన మొదటి కుమారుడిని చూచి వ్రాసుకొన్న టిప్పణాలను 1877లో ఒక పత్రికలో ప్రకటించాడు. 110 రోజుల వయస్సులో ముఖంమీద గుడ్డవేసి చటుక్కున తీస్తే ఆ బిడ్డ ఎంతో సంబరపడ్డాడని అందులో ఉన్నది. ఇందులో ఆనందం ఆశ్చర్యంవల్ల కలిగిందా, అనుకొన్నది జరిగినందువల్ల కలిగిందా? పారట్, గ్లైట్‌మన్ అనే పరిశోధకులు 1989లో దీనికి ఒక చక్కని ఉపాయం పన్నారు. ఆరు మొదలు ఎనిమిది నెలల శిశువులతో దోబూచి ఆడుతూ, మధ్య మధ్య మోసం చేశారు. దాగిన మనిషి ఒకరు, బయటపడేది వేరొకరు. లేదా దాగింది ఒకచోట, కనిపించింది మరొకచోట. కేవలం ఆశ్చర్యమే నవ్వు తెచ్చేదైతే మోసానికి శిశువులు మరింత నవ్వాలి. వారు తక్కువ నవ్వారు. దాగిన ముఖమే, దాగినచోటనే తిరిగి రావాలి. వస్తుందని తెలుసు, కాని ఎప్పుడన్నది తెలియదు. ఆ సగం తెలియడంలోనే ఉన్నది రుచి అంతా.

మరి ఆశ్చర్యం వృథాయేనా? కాదు. దాని పని వేరు. అమెరికాలోనే స్టాల్, ఫైగెన్‌సన్ అనేవారు 2015లో ప్రకటించిన ప్రయోగంలో 11 నెలల పిల్లలకు చిన్న గారడీ చూపారు. కొందరికి బొమ్మకారు గోడలోనుండి దూసుకొనిపోయినట్లు కనిపించింది. కొందరికి అది బల్ల అంచు దాటి కూడా పడకుండా గాలిలో నిలిచినట్లు కనిపించింది. తరువాత కారును వారి చేతికిచ్చారు. గోడ గారడీ చూచినవారు దానిని బల్లకేసి కొట్టి చూచారు. గాలి గారడీ చూచినవారు దానిని పడవేసి చూచారు. తమకు కలిగిన సందేహానికి సరిపడిన పరీక్షనే వారు ఎన్నుకొన్నారు. పడవేయడం అల్లరి కాదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. అయితే ఆ ప్రయోగంలో కొలిచింది పరీక్షించే చేష్టలనే గాని నవ్వులను కాదు. ఇది మరువరాదు. రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెడితే తోచేది ఇది: అనుకోనిది జరిగితే పసివాడు పరీక్షకు దిగుతాడు, పరీక్షలో అనుకొన్నది నిజమైతే నవ్వుతాడు. లోరాఁ తల వాల్చి నవ్విన నవ్వు, నేర్చుకొనడం ముగిసినందుకు కాదు. ప్రతిసారీ లోకం మాట తప్పకుండా తలక్రిందులైనందుకు.

పియాజె గ్రంథంలో ఎక్కువ భాగం దీని తరువాతి వయస్సును, అంటే నటన ఆటలను గురించినది. జాక్లిన్‌కు 1 సంవత్సరం 3 నెలల 12 రోజులు. అంచులకు కుచ్చులున్న గుడ్డ ఒకటి ఆమె కంటబడింది. అది తన దిండును తలపించింది కాబోలు, దానిని పట్టుకొని, నోట్లో వేలు వేసుకొని, పక్కకు తిరిగి పడుకొని నిద్ర నటించింది. నటిస్తూ నవ్వింది. మరునాడు అమ్మ కోటు కాలరు దిండయింది. మరి కొద్దిరోజులకు రబ్బరు గాడిద తోక దిండయింది. ఏడాదీ అయిదు నెలలకు తన ఎలుగుబొమ్మను, కుక్కబొమ్మను కూడా నిద్రపుచ్చింది. ఒక వస్తువు మరొక వస్తువుకు గుర్తు కావడం ఎప్పుడు, ఎట్లా మొదలవుతుందో ఇంత దగ్గరగా చూచి వ్రాసినవారు అంతకుముందు లేరు. కాని తీర్పు మళ్ళీ పాతదే: పిల్ల లోకాన్ని తన కోరికకు తగినట్లు వంచుకొంటున్నది.

తెలుగు ఇళ్ళ పెరడులో ఆడపిల్లలు ఆడే గుజ్జనగూళ్ళ ఆటను ఈ తీర్పు ఎదుట నిలిపి చూడవలసియున్నది. ఇసుక బియ్యం, ఇటుకపొడి కారం, గడ్డిపోచలు కూర, కొబ్బరిచిప్ప గిన్నె. అన్నం ఉడికిందంటే ఉడికినట్లే. అయితే ఆ ఇసుకను అన్నమన్న పిల్ల దానిని నోట పెట్టుకోదు. తెలియని చిన్న చెల్లెలు నిజంగా గుప్పెడు నోట్లో వేసుకొంటే అందరికంటె ముందు కేక పెట్టేది ఆ వంట చేసిన పిల్లే. లోకాన్ని వంచుకొన్నది ఎక్కడ? ఇసుక ఇసుకేనన్న ఎరుక ఒక్క క్షణమూ వదలలేదు. పైగా ఆ ఆటలో ఎన్ని కట్టుబాట్లు! వడ్డించకముందే తినరాదు. వచ్చిన చుట్టాలకు ముందు కాళ్ళు కడుగుకొనడానికి నీళ్ళివ్వాలి. అత్తగారి వేషం వేసిన పిల్ల నవ్వితే ఆట చెడుతుంది. ఇంట్లో మంచినీళ్ళు తెమ్మంటే వినని పిల్ల, ఆటలో పది చెంబులు మోస్తుంది.

ఈ సంగతిని పట్టుకొన్నవాడు రష్యాలో లెవ్ విగోట్‌స్కీ. ఆయన 1933లో చేసిన ఉపన్యాసం 1966లోగాని అచ్చుకాలేదు, మరుసటి యేడు ఇంగ్లీషులోకి వచ్చింది. నటన ఆట అంటే స్వేచ్ఛ కాదు, తనంతట తాను ఒప్పుకొన్న నియమమని ఆయన వాదం. కర్రను గుఱ్ఱం చేసుకొన్న బాలుడికి ఏ వస్తువైనా గుఱ్ఱం కాదు, ఎక్కి స్వారి చేయడానికి వీలైనదే కావాలని చెప్పాడు. ఆట అంటే సుఖమిచ్చేది అనే నిర్వచనాన్ని ఆయన మొదటనే కొట్టివేశాడు. పాలతిత్తి చీకడమూ సుఖమే గాని ఆట కాదు, ఓడిపోయిన పందెం ఆటే గాని సుఖం కాదు. ఈ మాట సబబే. అయితే సుఖానికీ, ఆనందానికీ తేడా ఉన్నది. గోళీలాటలో ఓడి ఏడ్చిన కుర్రవాడు మర్నాడు పొద్దున్నే గోళీల సంచితో మళ్ళీ వస్తాడు. వాడిని రప్పించింది పాలతిత్తి సుఖం వంటిది కాదు. విగోట్‌స్కీ ఆ రెంటినీ వేరు చేసి చూపివుంటే ఉపన్యాసం మరింత బలపడేది.

పియాజె పుస్తకంలోని మరొక లోటు ముగ్గురే పిల్లలు కావడం కాదు. ముగ్గురిని చూచి అంత కనిపెట్టగలిగినవాడిని సంఖ్య తక్కువైనదని నిందించరాదు. ఆ పరిశీలనలలో పిల్లలు తరచు ఒంటరిగానో, తండ్రి ఎదుటనో ఉంటారు. ఒక చంటిబిడ్డను చంకనెత్తుకొని, ఆ బిడ్డతోనే అచ్చనగాయలాడే అక్క ఆ పుటలలో లేదు. వామనగుంటల పీట చుట్టూ చేరి, లెక్క రాకపోయినా గింజలు పంచే నాలుగేళ్ళవాడు లేడు. పిల్లల గోళీలాటల నియమాలపై పియాజె చక్కని పరిశోధనే చేసి, 1932లో పిల్లల నీతినిర్ణయంపై వ్రాసిన గ్రంథంలో చేర్చాడు. కాని అది పెద్దపిల్లల ఆట. చిన్నపిల్లల ఆటలో తోడువారి పాత్ర ఆయన సిద్ధాంతానికి అంచునే మిగిలిపోయింది. 1966లో బ్రయన్ సటన్-స్మిత్ ఒక అమెరికన్ పత్రికలో పియాజె ఆట సిద్ధాంతాన్ని తీవ్రంగా విమర్శించాడు, పియాజె అదే ఏడు జవాబిచ్చాడు. ఆటకు ఆలోచనలో భాగమే గాని సొంత ఉనికి లేకుండా చేశాడన్నది విమర్శకుని ప్రధానమైన ఆరోపణ. ఆ వాగ్వాదంలో ఇద్దరూ సిద్ధాంతాల మెట్టుమీదనే నిలబడ్డారు. నోటు పుస్తకాల మెట్టుకు దిగివుంటే బాగుండేది.

ఇది పండితుల తగవుగానే మిగిలేదైతే ఉపాధ్యాయులు పట్టించుకోనక్కరలేదు. కాని తూకం ఇప్పుడు రెండవవైపుకు వాలింది. ఆట వృథా అన్న పాత మాట వెనుకపట్టింది. ఆటంతా పాఠమే అన్న కొత్త మాట ముందుకు వచ్చింది. భారతదేశంలో 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు మొదలు ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటనే బోధన పద్ధతిగా నిర్ణయించింది. 2023లో ఆ వయస్సు పిల్లలకోసం జాదూయీ పిటారా అనే ఆటవస్తువుల పెట్టెను కూడా ప్రవేశపెట్టారు. పలకలతో కుస్తీపట్టించడంకంటె ఇది వెయ్యిరెట్లు మేలు. అయినా ఒక హెచ్చరిక ఉన్నది. నటన ఆటలవల్ల పిల్లల తెలివి, భాష, సృజనశక్తి పెరుగుతాయనే నమ్మకానికి గల ఆధారాలను ఏంజెలీన్ లిల్లార్డ్, ఆమె సహచరులు 2013లో ఒక్కొక్కటే జల్లెడ పట్టారు. చాలా విషయాలలో ఆ ఆధారాలు అందరూ అనుకొనేంత గట్టివి కావని తేల్చారు. ఆటవల్ల ఫలానా మార్కులు పెరుగుతాయని చెప్పి ఆటకు చోటు సంపాదించినవారు, రేపు ఆ మార్కులు పెరగలేదని తెలిస్తే ఏమి చేస్తారు? ఆటను తీసివేస్తారా?

ఒక బడిలో నాలుగేళ్ళ పిల్ల చింతగింజలను ఒక్కొక్కటే రేకు డబ్బాలో వేస్తున్నదనుకొందాం. ఒకటి దగ్గరనుండి, ఒకటి ఎత్తునుండి. చప్పుడు మారుతున్నది. ఆ పిల్ల చెవి ఒగ్గి వింటున్నది. ఆట ద్వారా అంకెలు నేర్పాలని శిక్షణలో విన్న పంతులమ్మ వచ్చి, ఎన్ని గింజలు వేశావో లెక్కపెట్టమ్మా అంటుంది. ఉద్దేశం మంచిదే. పిల్ల అయిదు వరకు లెక్కపెట్టి ఆగిపోతుంది, డబ్బాను పక్కకు జరుపుతుంది. ఆ క్షణంలో ఆట చేయి మారింది. ప్రశ్న ఇక పిల్లది కాదు, పంతులమ్మది. ఎత్తుకూ చప్పుడుకూ గల సంబంధాన్ని, హైస్కూలు భౌతికశాస్త్రంలో ఎన్నడో రావలసిన ఒక సంగతిని, ఆ పిల్ల తన చెవితో తానే అడుగుతూ ఉండగా, దానికి బదులు తనకు ముందే వచ్చిన అయిదంకెలు ఒప్పజెప్పింది. ఆ డబ్బాలో తాను కూడా ఒక గింజ వేసి, తల వంచి, చప్పుడు వినే పంతులమ్మలు లేకపోలేదు. అట్టివారికి పియాజె సిద్ధాంతంతో పని లేదు. ఆయన పరిశీలనలు మాత్రం చదివితే తమవంటివాడు ఒకడు దొరికాడని సంతోషిస్తారు.

ఆ పుస్తకంలో వరుస సంఖ్యలు వేసి ముద్రించిన పరిశీలనలను ముందు చదివి, సిద్ధాంతపు అధ్యాయాలను తరువాతకు వాయిదా వేసుకొన్నా నష్టం లేదు. వాటి మధ్యలో పుస్తకం మూసి, వంటింటి గడప దగ్గరకు వచ్చి చూచినా మంచిదే. అక్కడ గరిటెను తల్లి ఎత్తున పెట్టివేసింది. ఏడుపు మాన్పడానికి పసివాడి చేతికి ఒక కాగితం ముక్క ఇచ్చింది. వాడు దానినీ చేయి చాచి వదలుతాడు. చప్పుడు లేదు. కాగితం అటూ ఇటూ ఊగుతూ, ఎక్కడో దూరంగా వాలుతుంది. వాడు నవ్వడు, ఏడుపూ ఆగిపోతుంది. చాచిన చేయి చాచినట్లే ఉంచి, కాగితం వాలిన చోటును చాలాసేపు చూస్తాడు. తరువాత దానికోసం పాకడం మొదలుపెడతాడు.